ఈమెను గుర్తుపట్టారా?

జులై 17, గురువారం

ఈ ఏడు మొదటి పులస మా వలలోనే పడింది. గోదావరికి ఎర్రనీరు వచ్చిన దగ్గర్నుంచి ధవళేశ్వరం రేవులో అందరూ దానికోసమే చూస్తున్నారు. మా ఆయన పడవ ఒడ్డుకు రాకముందే కేక వేశాడట. నేను అక్కడ లేను. రాజమండ్రి మార్కెట్లో నా బల్ల దగ్గర కూర్చుని శీలావతి చేప ముక్కలు కొడుతున్నాను.

పెళ్ళైన దగ్గర్నుంచీ మొదటి పులస నా బల్ల మీదకే వస్తుంది. అరిటాకు వేసి పడుకోబెడతాను. కొనేవాళ్ళకంటే చూడ్డానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఆ పూటంతా మార్కెట్లో సత్యకుమారి, సత్యకుమారి అని నా పేరే వినబడుతుంది.

ఈసారి చేప రాలేదు. పక్క బల్ల సత్యవాణి తన ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టింది. అందులో ఉషారాణి. మా చేప ఆమె చేతుల్లో. “గోదారి పులసండి, ఇప్పుడే మా బావ వల్లోంచి వచ్చిందండి” అంటూ నవ్వుతోంది. పక్కనుంచి ఒక మగ చెయ్యి తోక పట్టుకుని ఉంది. మొహం కనబడకపోయినా ఆ చెయ్యి ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా?

సాయంత్రం అడిగాను. ఉషకు ఆర్డర్లు ఉన్నాయి, అందుకని ఇచ్చానన్నాడు. సరే అన్నాను. చేప ఎక్కడ అమ్మితే ఏం? నాకేం అనిపించలేదు.

జులై 18, శుక్రవారం

నాకేం అనిపించలేదని రాశాను. అది నిజమే.

జులై 22, మంగళవారం

ఉషారాణి మా ఆయనకు మేనమామ కూతురు. ఒకప్పుడు వీళ్ళిద్దరికీ పెళ్ళనుకున్నారు. ఏదో మాట పట్టింపు వచ్చి ఆ సంబంధం తప్పిపోయింది, నేను వచ్చాను. ఆమెను విశాఖపట్నం ఇచ్చారు. ఇప్పుడు మొగుడితో విడిపోయి తిరిగొచ్చింది. అక్కడ పెద్ద చేపల కొట్టులో పనిచేసిందట. వస్తూనే రేవు దగ్గర గది తీసుకుని, చేపలు శుభ్రం చేసి, ఐసు పెట్టెల్లో సర్ది, స్కూటర్ మీద ఇళ్ళకు చేర్చడం మొదలుపెట్టింది. రోజూ ఒక వీడియో పెడుతుంది. రావులపాలెం సెంటర్లో హోటల్ నడిపే పల్లంరాజు గారు నా దగ్గర కొనడం మానేసి ఆమె దగ్గర కొంటున్నారు.

ఇవాళ మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోంచే “అత్తా” అని పిలిచింది. అమ్మణ్ణి అత్త నాకూ అత్తే, దానికీ అత్తే. నేను పిలిస్తే “ఆఁ” అంటుంది. అది పిలిస్తే పీట తీసుకుని ఎదురొచ్చింది.

నన్ను “అక్కా” అంటుంది. నన్ను కూడా వీడియోల్లోకి రమ్మంది. చేప కొయ్యడం నాలాగా ఎవరికీ రాదట, అది చూపిస్తే జనం విరగబడి చూస్తారట. నాకు ఇష్టం లేదన్నాను. అది మాట్లాడుతున్నంతసేపూ ఆయన గడప మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఇంట్లో ఆయన నవ్వి ఎన్నాళ్ళైందో.

జులై 27, ఆదివారం

వీడియోలు చూడకూడదనుకున్నాను. చూశాను. ఇవాళ ఆకుపచ్చ చీర కట్టింది.

ఆగస్టు 2, శనివారం

 

మధ్యాహ్నం బేరం లేక ఫోన్ చూస్తుంటే మా అమ్మాయి సాయిదుర్గ స్కూలు తల్లుల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఎవరు పంపారో చూడలేదు. ఒకామె వెనకనుంచి కనబడుతోంది. ఆకుపచ్చ చీర, పొడుగు జడ. ముందు నీలం టబ్బు నిండా చేపలు. తెల్ల డబ్బా ఎత్తి వాటి మీద ఏదో పోస్తోంది. కింద రాసి ఉంది: శవాలు కుళ్ళకుండా వాడే ఫార్మలిన్ చేపల మీద పోస్తున్నారు, గోదావరి జిల్లాల్లో ఘోరం, అందరికీ పంపండి.

ఉషారాణే. చూడగానే తెలిసిపోయింది. ఆ చీర, ఆ టబ్బు. పొద్దున పట్టిన చేప సాయంత్రం దాకా అంత మెరుస్తూ ఎలా ఉంటుందోనని నాకు ఎప్పట్నుంచో అనుమానం. (ఇంతకుముందు అలా అనుకున్నట్టు గుర్తులేదు. కానీ అనుమానం ఉండే ఉంటుంది.) పల్లంరాజు గారికి తెలియాలి. మా ఆయనకి తెలియాలి, అత్తకి తెలియాలి, పీట వేసి కూర్చోబెట్టింది ఎవరినో.

పూర్తిగా చూశానా అంటే, చూశాను, చాలావరకు. మార్కెట్ గోలలో సౌండ్ పెట్టలేదు. సౌండ్ ఎందుకు, కళ్ళకు కనబడుతుంటే?

మా మార్కెట్ ఆడవాళ్ళ గ్రూపులో పెట్టాను. డ్వాక్రా గ్రూపులో పెట్టాను. కింద ఒక్క ముక్క రాశాను. “ఈమెను గుర్తుపట్టారా? రోజూ నవ్వుతూ పులసలు చూపించే ఆవిడే.” పేరు రాయలేదు. నేను పేరు రాయలేదు.

ఇంటికొచ్చి అన్నం మారు వడ్డించుకుని తిన్నాను. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

ఆగస్టు 3, ఆదివారం

ఆ వీడియో తిరిగి నా దగ్గరకే వచ్చింది. సత్యవాణికి వాళ్ళ కాలనీ గ్రూపులో ఎవరో పంపారట, చూడమని నాకు పంపింది. ఇప్పుడు దాంట్లో పేరు కూడా ఉంది. ధవళేశ్వరం ఉషారాణి. ఈమె చేపలు తిని సామర్లకోటలో ఒక పిల్లాడు ఆసుపత్రిలో ఉన్నాడని కూడా ఉంది.

చూశావా మరి? నేనొక్కదాన్నే అనుకోవడం లేదు. ఎక్కడో సామర్లకోట వాళ్ళకి కూడా తెలిసిపోయింది. ఆ పిల్లాడిని తలుచుకుని కళ్ళనీళ్ళు వచ్చాయి. అత్తతో చెప్పాను, పక్కింటివాళ్ళతో చెప్పాను. చెబుతున్నకొద్దీ ఒంట్లో బలం వచ్చినట్టుంది.

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ ఉషారాణి వీడియో పెట్టలేదు.

ఆగస్టు 6, బుధవారం

దాని పేజీ నిండా తిట్లు. రాయడానికి వీల్లేని తిట్లు. కిందకు జరుపుతూ అన్నీ చదివాను. పల్లంరాజు గారు ఆర్డర్ మానేశారట. ఇక నా దగ్గరకు వస్తారేమో.

ఆయన పడవ కట్టేసి వచ్చి తిన్నగా నా ఎదుట నిలబడ్డాడు.

“ఆ వీడియో చూశావా?”

“చూశాను. ఆకుపచ్చ చీర.”

“ఆకుపచ్చ చీర రేవులో ఎవరికి లేదు సత్యా? ఆ పిల్ల ఐసు తప్ప ఇంకేం వెయ్యదు. నేను రోజూ చూస్తున్నాను కదా.”

రోజూ చూస్తున్నాడట. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తర్వాత ఏం చెప్పాడో నా చెవికి ఎక్కలేదు. తప్పు చేసిందని ఊరంతా అంటుంటే ఈయనకెందుకు అంత బాధ? నాకు జ్వరం వచ్చినప్పుడు ఇలా గుమ్మంలో నిలబడి మాట్లాడాడా?

ఆగస్టు 9, శనివారం

చేపలు ఇంటికి తిరిగొచ్చాయి. నా చేపలు. నిన్న వరలక్ష్మీ వ్రతం, ఎవరూ కొనరు, అది మామూలే. ఇవాళ కూడా ఎవరూ ఆగలేదు. నా దగ్గర ఏళ్ళ తరబడి కొనే టీచరమ్మ గారు బల్ల ముందు నిలబడి, చేప తల పట్టుకుని వాసన చూసి, వదిలేసి చేతులు తుడుచుకున్నారు. “ఏమనుకోకు సత్యా. చేపంటేనే భయంగా ఉంది” అన్నారు. ఇవి గోదావరివండి, పొద్దున పట్టినవండి అన్నాను. ఏమో, ఎవరిని నమ్మాలో తెలియడం లేదన్నారు.

శ్రావణమాసం కదా. అదే అయ్యుంటుంది.

ఆగస్టు 10, ఆదివారం

ఆదివారం పూట కూడా ఎవరూ రాలేదు. సత్యవాణి తెచ్చిన చేపలన్నీ ఉప్పు రాసి ఎండబెట్టడానికి తీసుకుపోయింది. ఎండ ఎక్కడుంది, ముసురు. పులసల రోజుల్లో, ఏడాదంతా ఎదురుచూసే రోజుల్లో, రేవులో పడవలు కట్టేసి కూర్చున్నారు. ఎవరికోసం పట్టాలంటున్నారు. ఆఫీసర్లు వచ్చి అందరి బల్లల మీద నుంచీ ముక్కలు తీసుకెళ్ళారు, నావి కూడా. తప్పు చేసినదాన్ని పట్టుకోకుండా అందరివీ ఎందుకు?

ఇదంతా ఉషారాణి వల్లే.

ఆగస్టు 12, మంగళవారం

ఉషారాణిని కొట్టారు.

ఒక్క పాత ఖాతా మిగిలింది, కాలనీలో ఎవరో పెద్దావిడ, ఆవిడకు చేపలు ఇవ్వడానికి వెళ్ళిందట. వీధిలో వాళ్ళు స్కూటర్ ఆపి, పెట్టె రోడ్డు మీద పడేసి తొక్కారు. పిల్లల్ని చంపుతావా అని జడ పట్టి లాగారు. కింద పడ్డప్పుడు మణికట్టు విరిగింది. ఎవరో ఫోన్ తీసి అదంతా వీడియో కూడా తీశారు.

ఆయన ఆసుపత్రికి తీసుకెళ్ళి, కట్టు వేయించి, తిన్నగా మా ఇంటికి తీసుకొచ్చాడు. ఒంటరిగా గదిలో ఎలా ఉంటుంది అన్నాడు. అత్త ఉష పక్కన కూర్చుని అన్నం కలిపి తినిపించింది. నేను మంచినీళ్ళ గ్లాసు అందించాను. ఉష మొహం ఒకవైపు వాచి ఉంది. చూడగానే అయ్యో అనిపించింది. మంచం ఆయన తనే దులిపి పక్క వేశాడు. అది కూడా చూశాను.

ఆగస్టు 13, బుధవారం

ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె దగ్గినా ఆయన తలెత్తుతాడు.

ఆగస్టు 14, గురువారం

సాయంత్రం నేను ఉప్పుచేపలు తిరగేస్తుంటే ఉష వచ్చి అరుగు మీద కూర్చుంది. ఎడమచేత్తో ఫోన్ నొక్కడం రాక తిప్పలు పడుతోంది.

“అక్కా, ఒక్కసారి ఈ వీడియో సరిగ్గా చూసి చెప్పు. నాకంటే నీకు చేపలు బాగా తెలుసు. ఇదేం చేప?”

ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇన్ని రోజుల్లో ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ తెరిచాను. కానీ ఆ మనిషి వీపూ చీరా తప్ప నేను చూసిందేం లేదు. ఇవాళ టబ్బులోకి చూశాను. మూతి పొడుగ్గా, ఒంటి మీద అడ్డచారలు. అలాంటి చేప ఈ రేవులో నేను పుట్టాక చూడలేదు. నరసాపురం నుంచి సముద్రం చేపలు వస్తాయి, వాటిలోనూ చూడలేదు.

ఉష సౌండ్ పెంచింది. డబ్బా ఎత్తుతున్నామె ఎవరితోనో ఏదో అంటోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగు కాదు. ఎక్కడో ఏ దేశమో. చివర్లో, నేను ఎప్పుడూ చూడని చోట, ఆమె ఇటు తిరుగుతుంది. నడివయసు మనిషి, ముక్కుకు పెద్ద పుడక. అదే డబ్బాలోంచి దోసిట్లో నీళ్ళు పోసుకుని మొహం కడుక్కుంటుంది.

నీళ్ళు.

“మనది కాదు ఈ చేప” అన్నాను.

అందరూ చివరిదాకా చూసి ఉంటే ఇంత జరిగేది కాదంది ఉష. స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చానంది. ఎవరో మొదట అది నేనేనని రాశారు, వాళ్ళెవరో తెలియాలి అక్కా, అంది. నేను చేపలు తిరగేస్తూనే ఉన్నాను, తిరగేసినవే మళ్ళీ.

ఆగస్టు 15, శుక్రవారం

చెప్పలేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఆఫీసర్లు తీసుకెళ్ళిన ముక్కల్లో ఏమీ లేదని పేపర్లో చిన్న వార్త వేశారు. సామర్లకోటలో అలాంటి పిల్లాడెవరూ లేడని కూడా రాశారు. ఆ పిల్లాడి కోసం నేను ఏడ్చాను.

ఆ వార్త ఫోటో తీసి, ఆ రోజు పంపిన గ్రూపులన్నిటిలోనూ పెట్టాను. అప్పుడు నిమిషంలో ఎన్ని మాటలు, ఎన్ని ఏడుపు బొమ్మలు వచ్చాయో. ఇవాళ ఎవరూ పలకలేదు. మధ్యాహ్నానికి ఒకామె రాసింది, ఇలాంటివి డబ్బిచ్చి వేయించుకుంటారు లెండి అని. దానికి బోలెడుమంది బొటనవేళ్ళు చూపించారు.

నాకు కోపం వచ్చింది. ఇంత స్పష్టంగా రాసి ఉంటే ఎందుకు నమ్మరు?

ఆగస్టు 19, మంగళవారం

పోలీసులు సత్యవాణిని పిలిచారు. నేను పెట్టిన వీడియో వాళ్ళ కాలనీ గ్రూపులోకి వెళ్ళింది సత్యవాణి నుంచేనట, పేరు చేరి తిరిగొచ్చింది అక్కణ్ణుంచే. ఆమె మొగుడు మార్కెట్ మధ్యలో అందరి ముందూ అరిచాడు. మొదట గ్రూపులో పెట్టింది నేనని తెలిసిన బల్లలవాళ్ళు కూడా, పోలీసులు పిలిచింది ఆమెనే కదా అని ఆమె మీదే పడ్డారు. మా నోటి దగ్గర కూడు తీశావన్నారు. నేను తల వంచుకుని బల్ల కడిగాను. కడిగిన బల్లే.

సాయంత్రం సత్యవాణి స్టేషన్ నుంచి తిన్నగా మా వీధిలోకి వచ్చింది. లోపలికి రాలేదు.

“నీకెవరు పంపారని అడిగారు. గుర్తులేదండి అన్నాను. ఆడపిల్ల ఉంది నీకు, నేను చెప్పలేను. చెబితే నువ్వే చెప్పుకోవాలి” అంది.

ఆ మాట అని వెళ్ళిపోయింది.

నేను పేరు రాయలేదు. గుర్తుపట్టారా అని అడిగాను, అంతే. అడగడం తప్పా? ఈ మాట ఇప్పటికి నాలో నేను చాలాసార్లు అనుకున్నాను. ఒక్కసారి కూడా కుదురుగా లేదు.

ఆగస్టు 20, బుధవారం

చెప్పాను.

పొద్దున్నే. ఆయన వల సర్దుకుంటున్నాడు, అత్త పొయ్యి దగ్గర ఉంది. ఉష ఒంటిచేత్తో జడ వేసుకోలేకపోతుంటే నేను వెనక కూర్చుని అల్లుతున్నాను. మొహం ఎదురుగా లేదు కాబట్టి చెప్పగలిగాననుకుంటాను. నీ గురించి మొదట రాసింది నేనే అన్నాను.

జడ చివర నా చేతిలో ఉంది, వదలాలో అల్లాలో తెలియలేదు.

“నేనేనని నిజంగా అనుకున్నావా అక్కా?” అంది, వెనక్కి తిరక్కుండానే.

అనుకున్నాను అని చెప్పబోయాను. అది అబద్ధం కాదు, ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. కానీ నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

“నువ్వే అయితే బాగుండుననుకున్నాను.”

ఉష జడ నా చేతిలోంచి లాక్కుంది. లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. “ఈ మాట స్టేషన్లో కూడా చెప్పు. సత్యవాణి వదిన పేరు తీసెయ్యాలి” అంది. ఏడవలేదు. నేను ఏడిస్తే అటు చూడలేదు.

ఆయన వల అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు. అత్త మాత్రం ఒక మాట అంది. నేను పీట వేసినరోజే నీ మొహం చూశానే, అంది.

ఆగస్టు 21, గురువారం

స్టేషన్‌కు ఉష, నేను ఒకే ఆటోలో వెళ్ళాం. ఎస్సై గారు చాలా తిట్టారు. కేసు సంగతి ఉష ఇష్టమన్నారు. ఉష ఆలోచించి, కొట్టినవాళ్ళ మీద కేసు ఉంచమంది, నన్ను మాత్రం జరిగింది జరిగినట్టు వీడియోలో చెప్పి అన్ని గ్రూపుల్లో పెట్టమంది.

నాకు వీడియో తియ్యడం రాదు. సాయిదుర్గను అడగడానికి మొహం చెల్లలేదు. చివరికి ఫోన్ పట్టుకుంది ఉషే, ఎడమచేత్తో.

“అటు కాదు, వెలుతురు వైపు తిరుగు. ముందు నీ పేరు చెప్పు. కింద చూడకు.”

నా పేరు సత్యకుమారి అని మొదలుపెట్టాను. మధ్యలో ఆగిపోయాను. మళ్ళీ తీసింది. మళ్ళీ ఆగిపోయాను. విసుక్కోలేదు, మళ్ళీ తీసింది. తర్వాత చూసుకుంటే నా మొహం ఉబ్బి, జుట్టు రేగి, ఎవరో మనిషిలా ఉన్నాను. ఉష ఇలాంటి ఫోన్లో అంత అందంగా ఎలా ఉంటుందో అనిపించింది. ఆ సమయంలో కూడా అదే అనిపించింది. రాయకపోతే అబద్ధం అవుతుంది, అందుకని రాస్తున్నాను.

ఆగస్టు 23, శనివారం

టీచరమ్మ గారు వచ్చారు. కొన్నారు, సత్యవాణి దగ్గర.

ఆగస్టు 25, సోమవారం

ఉష విశాఖపట్నం వెళ్ళిపోయింది. పాత కొట్టువాళ్ళు రమ్మన్నారట. చెయ్యి నయమయ్యేదాకా లెక్కలు చూడమన్నారట. అత్త వద్దంటూ ఏడ్చింది. వెళ్ళేటప్పుడు ఉష నా వైపు చూసి తలూపింది. అక్కా అనలేదు.

ఆయన రైల్వే స్టేషన్‌కు సంచి మోసుకుని వెళ్ళాడు. నాతో ఆ రోజు నుంచీ మాటల్లేవు, పెట్టింది తింటాడు, పడవ మీదకు పోతాడు. రైలు పొద్దున. మధ్యాహ్నం అయినా రాలేదు. ఫోన్ ఎత్తలేదు. అప్పుడు వీధి చివర ఉండే లక్ష్మీదుర్గ వచ్చింది. వాళ్ళ ఆయన స్టేషన్లో చూశాడట. మీ ఆయన కూడా ఆ పిల్లతో రైలెక్కాడంట కదా, అంది. అని నా మొహంలోకి చూసింది.

ఒళ్ళంతా వేడెక్కింది. అంతే, ఇంకేం కావాలి అనిపించింది. కిటికీ పక్కన ఆమె, ఎదురుగా ఈయన, మధ్యలో ఆ సంచి, అన్నీ కళ్ళకు కట్టాయి. చీర రంగుతో సహా. నాకు తెలుసు, మొదటి నుంచీ తెలుసు, అనుకున్నాను. అత్తను పిలిచి ఇదిగో నీ మేనకోడలు అనాలని నోరు తెరిచాను.

పిలవలేదు. చెప్పులు వేసుకుని రేవు వైపు నడిచాను. దారిలో కూడా నమ్ముతూనే ఉన్నాను. కాళ్ళు మాత్రం నడిచాయి.

పడవ కట్టేసి ఉంది. దాని పక్కన ఇసుకలో వల పరుచుకుని, ఆయన తెగిన వలకళ్ళు అల్లుతున్నాడు. సంచి కింద వేసుకున్న తువ్వాలు ఇంకా భుజం మీదే ఉంది.

నన్ను చూసి, “ఏంటి?” అన్నాడు. ఇన్నాళ్ళకు మొదటి మాట.

ఏం చెప్పాలి? రైలెక్కావన్నారు, నమ్మాను, చూసి పోదామని వచ్చాను. ఆ మాటలే చెప్పాను. ఆయన చేతులు ఆగాయి. కోపం వస్తుందనుకున్నాను. నా వైపు చూసి, మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు. పొమ్మనలేదు.

అక్కడే కూర్చున్నాను. వల రెండో కొస నా కాళ్ళ దగ్గర ఉంది. అందులోనూ కళ్ళు తెగి ఉన్నాయి. దారం అడిగితే ఇటు విసిరాడు.